325 సీసీ ఇంప్లాంట్ పెడదామన్నారు – రొమ్ములు పెద్దవిగా చేసే సర్జరీ చేయించుకోవాలా వద్దా?

మధుమాలతి:
వయసు 27, బ్రా సైజు 32ఎ. ప్లాస్టిక్ సర్జన్ గారు చూసి సిలికాన్ ఇంప్లాంట్, గుండ్రటిది, 325 సీసీ, కండరం కింద పెడదాం అన్నారు. కాగితం మీద "అడుగు వెడల్పు 11.5 సెం.మీ." అని రాశారు. వచ్చే ఏడాది పెళ్లి, తర్వాత పిల్లలు కావాలి. ఈ అంకెలకు అర్థం ఏమిటి? పాలివ్వడానికి ఇబ్బంది ఉంటుందా? అడ్వాన్స్ కట్టేలోపు ఏమేం తేల్చుకోవాలి?

కొలతబద్ద:
ముందు 325ని పక్కన పెట్టండి, అది ఇంప్లాంట్ పరిమాణం మాత్రమే (ఒక సీసీ అంటే ఒక మి.లీ.). మీ కాగితంలో అసలు అంకె 11.5, అంటే మీ రొమ్ము అడుగు వెడల్పు. ఇంప్లాంట్ అడుగు దానికంటే కొంచెం తక్కువ ఉండాలి. అంతకు మించితే పక్కకు చంకలోకి జరుగుతుంది, లేదా రొమ్ముల మధ్య ఉండాల్సిన ఖాళీ మూసుకుపోతుంది. అదే 325 సీసీ వెడల్పుగా, చదునుగానూ దొరుకుతుంది, ఇరుకుగా, ముందుకు పొడుచుకొచ్చేలానూ దొరుకుతుంది. కాబట్టి "వ్యాసం ఎంత, ఎత్తు ఎంత" అని అడిగి రాయించుకోండి.

ఒక కప్పు పెరగడానికి సుమారు 150 నుంచి 200 సీసీ అంటారు. బ్రా కొలతలు కంపెనీకో రకంగా ఉంటాయి గనక "సి కప్పు ఖాయం" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి.

కండరం కింద ఎందుకంటే, రొమ్ము పైభాగాన చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే మందం 2 సెం.మీ. కన్నా తక్కువ ఉన్నప్పుడు పైనే పెడితే అంచు, ముడతలు బయటికి కనిపిస్తాయి. సన్నగా ఉన్నవాళ్లకు అందుకే కండరం కింద. దానికీ ఖరీదు ఉంది: మొదటి వారం నొప్పి ఎక్కువ, ఛాతీ కండరం బిగించినప్పుడల్లా రొమ్ము కదులుతుంది. జిమ్‌లో బరువులెత్తే అలవాటుంటే ఈ సంగతి డాక్టరుతో తప్పకుండా మాట్లాడండి.

ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. 325 మి.లీ. బియ్యం కొలిచి పలుచటి సాక్సులో పోసి ముడివేయండి. అలాంటివి రెండు స్పోర్ట్స్ బ్రాలో పెట్టుకుని రెండు రోజులు ఇంటిపని చేయండి, మెట్లెక్కండి, జాకెట్ తొడిగి చూసుకోండి. సిలికాన్ బియ్యం కన్నా కాస్త బరువు, రెండు ఇంప్లాంట్లూ కలిపితే 600 గ్రాములు దాటుతుంది. తర్వాత 250తో చూడండి. 250 చాలనిపిస్తే అదే మేలు, బరువు పెరిగేకొద్దీ చర్మం సాగడమూ పెరుగుతుంది.

వానకోయిల:
పై కొలతలు సరే. నిర్ణయం మాత్రం కొలతల మీద కాదు, రెండో ఆపరేషన్‌కు సిద్ధమా అన్నదాని మీద తీసుకోవాలి. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగా చెబుతుంది. 27 ఏళ్లకు పెట్టించుకుంటే ఎప్పుడో ఒకప్పుడు మార్చడమో తీయించడమో ఉంటుందనే లెక్కవేసుకోండి.

ఎక్కువగా చెడేది ఇంప్లాంట్ చుట్టూ కట్టే పొర బిగుసుకోవడం వల్ల. బయటి వస్తువు చుట్టూ శరీరం పలుచటి పొర కట్టడం మామూలే. ఆ పొర దళసరిగా మారి బిగిస్తే రొమ్ము గట్టిపడుతుంది, ఆకారం మారుతుంది, నొప్పి వస్తుంది. దీని తీవ్రతను బేకర్ అనే కొలమానంలో 1 నుంచి 4 గ్రేడులుగా చెబుతారు. 3, 4 అయితే సాధారణంగా మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కే. లోపల నిలిచిన రక్తం, ఇంప్లాంట్ మీద చేరిన సూక్ష్మక్రిములు ముఖ్య కారణాలు. అందుకే ఇంప్లాంట్‌ను చేత్తో తక్కువ తాకడం, ఇంప్లాంట్ పెట్టే లోపలి ఖాళీని యాంటీబయాటిక్ ద్రావణంతో కడగడం, చర్మానికి తగలకుండా గరాటులాంటి తొడుగులోంచి జార్చడం చేస్తారు. మీ డాక్టర్ వీటిలో ఏవి పాటిస్తారో అడగండి.

సిలికాన్ చిరిగితే బయటికి తెలియకపోవచ్చు. సెలైన్ (ఉప్పునీరు నింపిన రకం) అయితే కొన్ని రోజుల్లో చప్పబడిపోతుంది గనక తెలుస్తుంది. అందుకే ఎఫ్‌డీఏ సూచన ప్రకారం సిలికాన్‌కు 5–6 ఏళ్లకు మొదటి అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ, తర్వాత ప్రతి 2–3 ఏళ్లకు ఒకసారి. ఈ ఖర్చు ప్యాకేజీలో ఉండదు.

పైపొర నున్నటిదా గరుకుదా అన్నది తప్పక అడగండి. గరుకు ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా ఒక రకం లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) వస్తోందని తేలి, 2019లో అలర్గాన్ కంపెనీ బయోసెల్ రకాన్ని ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత ఒక రొమ్ము ఉన్నట్టుండి నీరుపట్టి ఉబ్బితే ఆ నీటిని పరీక్షకు పంపాలి.

డబ్బు సంగతి: అందం కోసం చేసే సర్జరీకి బీమా రాదు, పైగా జీఎస్టీ. పుట్టుకతో వచ్చిన లోపానికో, క్యాన్సర్ తర్వాతో చేసేది వేరే లెక్క.

మధుమాలతి:
కోత ఎక్కడ పెడితే పాలకు ఇబ్బంది ఉండదు? ఇంప్లాంట్ వద్దనుకుంటే కొవ్వు ఎక్కించుకోవచ్చా?

నల్లరేగడి:
రొమ్ము కింది మడతలో, 4–5 సెం.మీ. కోత. పాలనాళాలు తెగవు, మచ్చ మడతలో కలిసిపోతుంది. చనుమొన చుట్టూ కోస్తే నాళాలు, నరాలు దెబ్బతినే అవకాశం ఎక్కువ. స్పర్శ కొంత తగ్గి నెలల్లో తిరిగి వస్తుంది, కొందరికి పూర్తిగా రాదు.

చాలామంది విషయంలో అడగకుండా వదిలేసే ప్రశ్న ఇంకొకటుంది. రొమ్ములు చిన్నవిగా ఉండటమే కాక అడుగు ఇరుకై గొట్టంలా ఉండి, రెంటి మధ్య దూరం బాగా ఎక్కువుంటే పాలగ్రంథే తక్కువ ఉండొచ్చు. అప్పుడు సర్జరీ చేయించుకోకపోయినా పాలు తక్కువే పడతాయి. దాన్ని ఇప్పుడే చూపించి రాయించుకోండి.

నా అభిప్రాయం నిర్మొహమాటంగా: రెండు మూడేళ్లలో బిడ్డ కావాలంటే ఆగండి. గర్భంలో రొమ్ము ఉబ్బి, పాలు మాన్పాక జారుతుంది, ఇప్పటి కొలత అప్పటికి పనికిరాదు. పాలు మాన్పి కనీసం 6 నెలలయ్యాక కొలిస్తే ఆ అంకె నిలుస్తుంది. అప్పటికి చనుమొన కింది మడత కన్నా కిందికి జారి ఉంటే ఇంప్లాంట్ ఒక్కటే ఎత్తదు, చర్మం బిగించే ఆపరేషన్ కూడా కావాలి.

కొవ్వు ఎక్కించవచ్చు. ఎక్కించినదాంట్లో కొంత కరిగిపోతుంది, ఒక్కసారికి ఒక కప్పు పెరిగితే గొప్ప. తీయడానికి పొట్టలోనో తొడల్లోనో కొవ్వుండాలి. చచ్చిన కొవ్వు గడ్డలుగా, సున్నపు చుక్కలుగా మిగిలి మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) తికమక పెడుతుంది. క్రీములు, మాత్రలకు మాత్రం ఒక్క రూపాయి పెట్టకండి.

వానకోయిల:
ఒకవేళ చేయించుకునేటట్టయితే: డాక్టరుకు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ డిగ్రీ ఉందా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా చూడండి. "కాస్మెటాలజిస్ట్" అన్న బోర్డు చాలదు. పూర్తి మత్తు గనక మత్తు డాక్టర్ ఉన్న ఆసుపత్రిలోనే. పొగ అలవాటుంటే ముందు 4 వారాలు, తర్వాత 4 వారాలు మానాలి. ఆస్పిరిన్, చేపనూనె మాత్రలు, విటమిన్ ఇ ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. కూర్చుని చేసే పనికి వారంలో వెళ్లొచ్చు, నీళ్ల బిందె ఎత్తడానికి 6 వారాలు ఆగాలి.

విదేశాల నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చి హైదరాబాద్‌లో చేయించుకునేవాళ్లు ఇది చదువుతుంటే, ఆ గడువు చాలదు. సుదీర్ఘ విమాన ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది, సమస్య వస్తే చూసేది ఆపరేషన్ చేసిన డాక్టరు కాదు.

ఇంటికొచ్చే ముందు రెండు తీసుకోండి: ఇంప్లాంట్ సీరియల్ నంబరు ఉన్న కార్డు, రాత్రిపూట పలికే ఫోన్ నంబరు. మొదటి రెండు రోజుల్లో ఒక్క వైపే గబగబా ఉబ్బి, బిగుసుకుని, కమిలితే లోపల రక్తం చేరుతున్నట్టు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే వెళ్లాలి.