మొదటి సీజన్‌లో ఆరుకి ఆరూ ఓడిపోయాం, మిగిలిన రెండు మ్యాచ్‌లు ఆడాలా వద్దా?

తొమ్మిదో నంబర్:
అందరికీ నమస్తే. మా బిజినెస్ స్కూల్లో ఈ ఏడాదే రగ్బీ టీమ్ పెట్టాం. పెట్టినవాళ్లలో నేనొకణ్ణి, కెప్టెన్సీ కూడా నా నెత్తినే పడింది. ఇప్పటికి ఆరు మ్యాచ్‌లు ఆడితే ఆరూ పోయాయి, మొన్నటిదైతే 64-0. సీజన్ మొత్తం మీద మేం కొట్టింది ఒకే ఒక్క ట్రై (బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకి ఆనించడం, ఐదు పాయింట్లు), దాని కన్వర్షన్ (ట్రై తర్వాత పోస్టుల మధ్యకి కొట్టే రెండు పాయింట్ల కిక్) కూడా పోస్టుకి తగిలి బయటికి పోయింది, అంటే అక్షరాలా ఐదు పాయింట్లు.

మొదట్లో 41 మంది పేర్లు రాశారు. మొదటి ప్రాక్టీస్‌కి 28 మంది వచ్చారు. టాకిల్ (బంతి పట్టుకున్నవాణ్ణి పట్టి కింద పడేయడం) నేర్పడం మొదలుపెట్టాక 19. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు నెత్తి మీదికి వచ్చేసరికి మంగళవారం గ్రౌండ్‌లో తొమ్మిది మందిమి ఉన్నాం. ఇంతకుముందు రగ్బీ ఆడినవాళ్లు ముగ్గురే, మిగతా అందరం నాలుగైదేళ్లు ఆఫీసు కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లం. ఉన్న ఒక్క హుకర్‌కి (స్క్రమ్‌లో ముందు వరుస మధ్యలో ఉండేవాడు) మెడ పట్టేసింది. అందుకని మొన్న రిఫరీకి ముందే చెప్పి అన్‌కంటెస్టెడ్ స్క్రమ్‌లు ఆడాం (స్క్రమ్ అంటే రెండు జట్ల ముందువాళ్లు వంగి ఒకరినొకరు కట్టుకుని బంతి కోసం తోసుకోవడం, ఇందులో కట్టుకుంటారు కానీ తొయ్యరు, బంతి వేసిన జట్టుకే వస్తుంది). అవతలివాళ్లలో ఇద్దరు నవ్వారు, అది నాకు 64 కంటే ఎక్కువ గుచ్చుకుంది.

కన్సల్టింగ్ నుంచి వచ్చిన మా ఫుల్‌బ్యాక్ (అందరికంటే వెనక ఆడేవాడు) ఒకడు మా ఓటములకి కారణాలు విశ్లేషిస్తూ 14 స్లైడ్లు తయారుచేసి గ్రూపులో పెట్టాడు. టాకిల్ ప్రాక్టీస్‌కి మాత్రం రాడు.

నా ప్రశ్న ఒక్కటే. ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి. పరువుగా తప్పుకుని వచ్చే ఏడు సెవెన్స్‌తో (ఏడుగురి రగ్బీ) మళ్లీ మొదలుపెట్టడం మంచిదా, లేక ఎలాగోలా ఆడేయాలా?

పాత ప్రాప్:
తమ్ముడూ, ముందు ఆ 64 సంగతి చూద్దాం. పది ట్రైలు, ఏడు కన్వర్షన్లు అయ్యుంటాయి, అవునా? పదిహేను మంది ఆటలో పాయింట్లు ఇచ్చుకున్న జట్టే మళ్లీ కిక్ కొట్టి ఆట మొదలుపెట్టాలి. అంటే ట్రై తిన్న ప్రతిసారీ బంతిని మీ చేతులతో మీరే వాళ్లకి అప్పగిస్తున్నారన్నమాట. కొత్త జట్లు మునిగేది ఎక్కువగా ఇక్కడే. మీ కిక్కర్ భయపడి ఎంత దూరం వీలైతే అంత దూరం కొడుతూ ఉంటాడు, వాళ్లు తీరిగ్గా పట్టుకుని తిరిగి పరుగెత్తుకొస్తారు. అలా కాకుండా పది మీటర్ల గీత దాటీ దాటనట్టు, బాగా ఎత్తుగా కొట్టమను. బంతి గాల్లో ఉన్నంతసేపట్లో మీవాళ్లు ముగ్గురు దాని కిందికి చేరాలి. కిక్కర్ కంటే ముందు నిలబడితే పెనాల్టీ కాదు కానీ వాళ్లకి మధ్యలో స్క్రమ్ ఇస్తారు, అది చూసుకోండి. ఇరవై నిమిషాలు ఇదొక్కటే ప్రాక్టీస్ చేయండి. దీనికి తొమ్మిది మంది చాలు. పదిలో రెండు బంతులు తిరిగి మీకే దొరికినా ఆట వేరుగా ఉంటుంది.

అన్‌కంటెస్టెడ్ స్క్రమ్ విషయంలో సిగ్గుపడకు. నేర్చుకోనివాణ్ణి ఫ్రంట్ రోలో (స్క్రమ్ ముందు వరుసలో) పెట్టి తోయించడమే అసలు తప్పు. కాకపోతే కొన్ని పోటీల్లో అలా ఆడితే ఒక మనిషిని తగ్గించుకోవాల్సి వస్తుంది, మీ నిబంధనలు ఒకసారి చదువు.

స్కోరు సంగతికొస్తే, 1995 ప్రపంచకప్‌లో జపాన్ న్యూజిలాండ్ చేతిలో 145-17తో ఓడింది. అదే జపాన్ 2015లో దక్షిణాఫ్రికాని 34-32తో ఓడించింది. మధ్యలో ఇరవై ఏళ్లున్నాయిలే, మీకు అంత టైమ్ లేదు. నా ఓటు మాత్రం ఆడటానికే. ఒకసారి మ్యాచ్ వదిలేసిన జట్టుతో వచ్చే ఏడాది మ్యాచ్ పెట్టుకోవడానికి ఎవరూ తొందరపడరు.

మోకాలి చిప్ప:
నేను ఫిజియోని. ఆ హుకర్‌ని ఆడించకండి. "కొంచెం తగ్గిందక్కా, ఆడేస్తా" అంటాడు, అందరూ అంటారు, వినకండి. మెడ అటూ ఇటూ పూర్తిగా తిరిగే దాకా, ఎవరో ఒకరు చూసి సరే అనే దాకా స్క్రమ్ దరిదాపుల్లోకి రానివ్వద్దు.

ఇంకోటి, తలకి దెబ్బలు ఎక్కువ తగిలేది బంతి పట్టుకున్నవాడికి కాదు, టాకిల్ చేసేవాడికి. కొత్తవాళ్లు భయంతో చివరి క్షణంలో కళ్లు మూసుకుంటారు, తల ఎదుటివాడి మోకాలి ముందుకో తుంటి ముందుకో వెళ్లిపోతుంది. కళ్లు తెరిచి, నడుం వంచి కాకుండా మోకాళ్లు వంచి కిందికి దిగాలి, చెంప వాడి తుంటి వెనక్కి ఆనాలి. కబడ్డీ ఆడినవాళ్లు కాలు పట్టుకోవడం త్వరగా నేర్చుకుంటారు కానీ తల ఎక్కడ పెట్టాలో వాళ్లకీ మళ్లీ నేర్పాల్సిందే. 2023 నుంచి చాలా దేశాల్లో కింది స్థాయి మ్యాచ్‌లలో టాకిల్ ఎత్తుని భుజాల నుంచి రొమ్ము ఎముక దిగువకి దించి చూస్తున్నారు, కారణం ఈ తల దెబ్బలే.

దెబ్బ తగిలి ఎవరైనా తికమకగా కనిపిస్తే, అనుమానం వచ్చినా చాలు, ఆ రోజుకి వాడి ఆట అయిపోయినట్టే. సబ్‌స్టిట్యూట్ లేకపోతే 14 మందితో ఆడండి.

మౌత్‌గార్డ్‌లు కూడా చూడండి. వేడినీళ్లలో మెత్తబరిచి, పళ్ల మీద పెట్టుకుని, గట్టిగా కొరికి, బయట నుంచి వేళ్లతో చిగుళ్లకి నొక్కితేనే అది కూర్చుంటుంది. కొత్తవాళ్లలో సగం మంది ప్యాకెట్ విప్పి అలాగే నోట్లో పెట్టుకుంటారు, మాట్లాడాలంటే తీసి సాక్సులో దోపుకుంటారు.

లాభనష్టాలు:
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటాను. లోన్ తీసుకుని వచ్చింది చదువుకోవడానికి. నల్లగా కమిలిన కంటితో ఇంటర్వ్యూకి వెళ్తే మొదటి పది నిమిషాలు దాని గురించే పోతాయి. తప్పుకోండి, నష్టం లేదు.

తొమ్మిదో నంబర్:
@లాభనష్టాలు, మా లాక్ (స్క్రమ్‌లో రెండో వరుసవాడు) ముక్కు వాచిపోయి ఇంటర్వ్యూకి వెళ్లాడు సార్. నిజంగానే పది నిమిషాలు దాని గురించే మాట్లాడారట. వాడికి ఆఫర్ వచ్చింది. వేరేవాళ్లకి రాలేదు కూడా, కాబట్టి దీన్ని సాక్ష్యంగా చూపించనులెండి.

@పాత ప్రాప్ అన్నా, లెక్క కరెక్టే, పది ట్రైలు. కిక్ కొడుతున్నది కూడా నేనే, దూరంగానే కొడుతున్నాను. 🙈

లైనౌట్ కాల్ మర్చిపోయా:
మేం మా స్కూల్లో అమ్మాయిల టీమ్ మొదలుపెట్టి ఇది మూడో ఏడు. అన్నయ్యా, మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మీది రెండేళ్ల కోర్సే కదా, ఆడుతున్నవాళ్లలో సెకండియర్లు ఎంతమంది? వాళ్లు సీజన్ అవగానే వెళ్లిపోతారు. మాకు మొదటి ఏడాది మొత్తం సెకండియర్లే నడిపారు, లైనౌట్ (బంతి గీత బయటికి పోతే మళ్లీ లోపలికి విసరడం) కాల్స్, అంటే ఎవరికి విసరాలో చెప్పే సంకేతాలు, వాళ్లకే తెలుసు, గ్రౌండ్ బుకింగ్ ఎవరితో మాట్లాడాలో వాళ్లకే తెలుసు, చివరికి ఫస్ట్ ఎయిడ్ పెట్టె కూడా ఎవరో ఒకమ్మాయి రూమ్‌లోనే ఉండిపోయింది. మరుసటి ఏడు మేం పదకొండు మందిమి, పెట్టెలో రెండు కోన్లు మిగిలాయి, అంతే. మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాం.

కాబట్టి ఈ రెండు మ్యాచ్‌లు ఫస్టియర్ల చేతిలో పెట్టండి. కెప్టెన్సీ, లైనౌట్ కాల్స్, టాస్, రిఫరీతో మాట్లాడటం, అన్నీ. మీరు పక్కనే ఆడండి, నోరు మాత్రం మూసుకోండి (కష్టం, నాకు తెలుసు). మనుషులు చాలకపోతే అవతలి కెప్టెన్‌కి వారం ముందే ఫోన్ చేసి పది మందితోనో పన్నెండు మందితోనో ఆడదామని అడగండి, పోటీ నిర్వాహకులు ఒప్పుకుంటే చాలామంది కాదనరు.

సెవెన్స్ గురించి కూడా ఒక మాట. తక్కువ మంది కాబట్టి సులువు అనుకుంటారు. మైదానం అదే సైజు, మనుషులు ఏడుగురే. ఏడేసి నిమిషాల రెండు భాగాలే అయినా, మొదటిసారి ఆడినప్పుడు నేను నాలుగో నిమిషానికే రిఫరీ గడియారం వైపు చూశాను.

తొమ్మిదో నంబర్:
అప్‌డేట్. ఏడో మ్యాచ్ ఆడాం. అవతలివాళ్లు పన్నెండు మందికి ఒప్పుకున్నారు. 38-12తో ఓడిపోయాం, కానీ పన్నెండు! హుకర్‌ని కూర్చోబెట్టాం, వాడు గీత పక్కన నిలబడి అందరికంటే ఎక్కువ అరిచాడు. కెప్టెన్సీ ఒక ఫస్టియర్‌కి ఇచ్చాను, టాస్ గెలిచి ఏం అడగాలో తెలియక నా వైపు చూశాడు, నేను షూ లేసు కట్టుకున్నాను.

ఎత్తు కిక్‌లు ఆరు కొడితే రెండు మాకే దొరికాయి, అందులో ఒకటి నేరుగా ట్రై అయింది. దాన్ని పట్టుకున్నది మా స్లైడ్ల ఫుల్‌బ్యాకే. గాల్లోకి ఎగిరి పట్టుకుని, ఎటు పరుగెత్తాలో ఒక క్షణం మర్చిపోయి, తర్వాత పరుగెత్తాడు. నిన్నటి నుంచి కిక్‌ల ఎత్తు, చేరడానికి పట్టిన సెకన్లు ఎక్సెల్ షీట్‌లో రాస్తున్నాడు. మంగళవారం ప్రాక్టీస్‌కి కూడా వచ్చాడు, స్టాప్‌వాచ్‌తో.