ప్రాక్టీసు మానకుండా ఎల్ఎల్ఎం (లాలో పీజీ) చదవడం కుదురుతుందా? (చిత్తూరు నుంచి)

కట్టమంచి లాయరమ్మ

అందరికీ నమస్కారం. చిత్తూరు కోర్టులో తొమ్మిదేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా చెక్ బౌన్సులు, పొలం గట్ల మీద ఇంజంక్షన్ దావాలు, అప్పుడప్పుడు ఒక ఎంవీఓపీ (రోడ్డు ప్రమాద పరిహారం కేసు). పేరు చెబితే గుర్తుపట్టేంత పెద్ద లాయర్‌ని కాను గానీ అద్దె, జూనియర్ జీతం ఇబ్బంది లేకుండా వెళ్ళిపోతున్నాయి.

ఈ ప్రశ్న ఎందుకొచ్చిందో చెబుతాను. పోయిన నెల ఒక 138 కేసులో, అంటే చెక్ బౌన్స్ కేసులో, మా పార్టీ (క్లయింట్) చీఫ్ ఎగ్జామినేషన్ జరుగుతోంది. ఆయన బెల్లం వ్యాపారి. బాకీ ఉన్నమాట నిజమేనని ముద్దాయి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. నేను స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీయించి సాక్ష్యంగా మార్క్ చేయమన్నాను. అవతలి లాయర్ లేచి, "సెక్షన్ 63 సర్టిఫికెట్ ఏదీ?" అన్నాడు. ఫోన్, కంప్యూటర్ సాక్ష్యానికి కొత్త సాక్ష్య చట్టం జతచేయమనే సర్టిఫికెట్ అది. ఆ క్షణాన నాకు ఏం చెప్పాలో తోచక, "ఫోన్ ఇక్కడే ఉంది సార్, చూడండి" అని పార్టీ చేతిలోని ఫోన్ లాక్కుని బెంచి వైపు చాపాను. కోర్టు హాల్లో నవ్వు. ఆ ప్రింట్లు ఇంకా మార్క్ కాలేదు. ఆ లాయర్ సనద్ (ప్రాక్టీసు అనుమతి) తీసుకుని నాలుగేళ్ళు కూడా కాలేదు.

నేను లా చదివింది పాత ఎవిడెన్స్ యాక్ట్ రోజుల్లో. ఈ సర్టిఫికెట్‌కే అందులో 65బి అనేది ఉందని తెలుసు, అంతే. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాక సెక్షన్ నంబర్లు మార్చి చదువుకున్నానే తప్ప కుదురుగా కూర్చుని చదివింది లేదు. అందుకే ఎల్ఎల్ఎం మీదికి మనసు మళ్ళింది. కానీ ఆ కోర్సు ఉన్నది తిరుపతిలో, నాదేమో చిత్తూరు. వెళ్ళడానికి 70 కిలోమీటర్లు, రావడానికి 70. పాప నాలుగో తరగతి. మా ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. తోతాపురి సీజన్లో, అంటే జూన్, జూలైల్లో, ఆయన ఇంటికి రావడమంటే చుట్టం వచ్చినట్టే.

వారాంతపు క్లాసులో, ఆన్‌లైన్‌లోనో చేసే ఎల్ఎల్ఎం ఏదైనా చెల్లుతుందా? రెగ్యులర్‌గా చేరితే సనద్ సస్పెండ్ చేసుకోవాలా? జడ్జి పరీక్షల ఆలోచన లేదు. లెక్చరర్ అవుదామని ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు అంత పట్టుదల లేదు. అమ్మనడిగితే "ఇప్పుడు చదివి ఎవర్ని ఉద్ధరించాలి?" అంటుంది. మా సీనియర్ గారిదీ అదే మాట, కాకపోతే ఇంగ్లీషులో.

బాలాజీ కాలనీ ప్లీడర్

అమ్మా, నేను తిరుపతిలో 22 ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నలభై దాటాక రెగ్యులర్ ఎల్ఎల్ఎం చేశాను. కాబట్టి అనుభవించిన సంగతే చెబుతాను.

ముందు సనద్ సంగతి. సస్పెండ్ చేసుకోనక్కర్లేదు. బార్ కౌన్సిల్ రూల్ 49 అడ్డుపడేది జీతం తీసుకునే ఫుల్‌టైమ్ ఉద్యోగానికి. చదువు ఉద్యోగం కాదు గదా.

తిరుపతిలో ఎల్ఎల్ఎం ఎస్వీ యూనివర్సిటీలోనూ ఉంది, మహిళా యూనివర్సిటీలోనూ ఉంది. దారి పీజీఎల్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష. 120 ప్రశ్నలు, గంటన్నర టైము. జూరిస్‌ప్రుడెన్స్, రాజ్యాంగం కలిపి 40 మార్కులు, మిగతా 80 అంతర్జాతీయ చట్టం, మర్కంటైల్ లా, లేబర్, క్రైమ్స్, టార్ట్స్, మేధోహక్కులకు. కోర్టులో రోజూ నలిగేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. పెళ్ళాం పిల్లలు పడుకున్నాక హాల్లో లైటేసుకుని లేబర్ లా చదివిన రోజులు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

అసలు కష్టం సీటు వచ్చాక మొదలవుతుంది. క్లాసు పదింటికి. కోర్టులో కాల్ వర్క్ (కేసులు పిలవడం) పదిన్నరకి. ఇల్లు, కోర్టు, యూనివర్సిటీ మూడూ ఒకే ఊళ్ళో ఉన్న నాకే పొద్దున్న వాయిదాలన్నీ జూనియర్ చేతిలో పెట్టక తప్పలేదు. మొదటి ఏడాది ఒక ఓఎస్ (సివిల్ దావా) డిఫాల్ట్ అయిపోయింది, అంటే మా వైపు ఎవరూ లేరని కొట్టేశారు. జూనియర్ పక్క కోర్టులో ఉన్నాడు, నేనేమో రాజ్యాంగం క్లాసులో ప్రాథమిక హక్కుల గురించి వింటున్నాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 9 కింద ఐఏ (అర్జీ) వేసి, ఖర్చులు నా జేబులోంచి కట్టి రిస్టోర్ చేయించాను. 30 రోజుల గడువు లోపలే చూసుకున్నాం కాబట్టి సరిపోయింది. ఆ పార్టీ చంద్రగిరి రైతు. "చదువుకునే పిలకాయలు తప్పులు చేస్తారులే సార్" అన్నాడు. నాకప్పుడు 41.

మరి లాభమేమీ లేదా అంటే, ఉంది. డిసర్టేషన్‌కి అసైన్డ్ భూములు, అంటే ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన భూములు, తీసుకున్నాను. వాటి అమ్మకాలను నిషేధించే 1977 నాటి 9వ నంబరు చట్టం. ఆ భూముల డీకేటీ పట్టా దావాలు అంతకు ముందూ నడిపేవాణ్ణి, అయితే పాత ప్లెయింటు చూసి కొత్త ప్లెయింటు రాసే పద్ధతిలో. ఆరు నెలలు ఆ ఒక్క చట్టం మీదే కూర్చునేసరికి, అమ్మకం చెల్లదని చెప్పే సెక్షన్ ఎందుకు పెట్టారో, భూమిలేని పేదవాడు తెలియక కొనుక్కుంటే ఏ మినహాయింపు ఉందో విడివిడిగా కనబడింది. ఇప్పుడు 22-ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) భూమి ఇరుక్కుందని ఎవరు వచ్చినా కాగితం చూడకముందే అడగాల్సిన ప్రశ్నలు నోటికొస్తాయి. నా రెండేళ్ళకు దక్కింది ఇదీ. మిగతా పేపర్లు గుర్తు కూడా లేవు.

నువ్వు చిత్తూరు నుంచి రోజూ రావడం మాత్రం నాకు సాధ్యంగా కనబడలేదమ్మా. పాకాల మీదుగా రైలు ఉంది, బస్సు ఉంది, అది వేరే సంగతి. సాయంత్రం ఇంటికెళ్ళాక రేపటి క్రాస్ ఎగ్జామినేషన్ ఎవరు తయారుచేస్తారు?

కాళహస్తి కుర్రలాయర్

అక్కా, ఆన్‌లైన్ ఎల్ఎల్ఎం గురించి నేను చెప్పాలి. ఎందుకంటే దెబ్బ తిన్నది నేనే.

యూనివర్సిటీ పేరు చెప్పను. ప్రకటనలో "పనిచేసే నిపుణుల కోసం" అని ఉంది, శని ఆదివారాలు స్క్రీన్ మీద క్లాసులు. ఫీజు రెండు వాయిదాల్లో కట్టాను. రెండో వాయిదాకి మా నాన్న వేరుశనగ అమ్మిన డబ్బు కూడా పడింది. ఒక లా కాలేజీలో లెక్చరర్ పోస్టుకి పోతే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే, "మీ కోర్సుకి బార్ కౌన్సిల్ అనుమతి ఉన్న కాగితం తెచ్చారా?" అని. తేలేదు. ఉంటే గదా తెచ్చేది. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ కూడా పాసయ్యి ఉన్నాను, అయినా లాభం లేకపోయింది.

2025 జూన్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఈ విషయం మీదే నోటీసు ఇచ్చింది. తన అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో, హైబ్రిడ్‌గా, ఎగ్జిక్యూటివ్ అనో ప్రొఫెషనల్ అనో తోకలు తగిలించి ఇచ్చే ఎల్ఎల్ఎంలను గుర్తించమని చెప్పింది. అంతకు ముందే యూజీసీ 2020 నిబంధనల్లో దూరవిద్యకు, ఆన్‌లైన్‌కు పనికిరాని చదువుల్లో లా కూడా ఉంది. నేను చేరేముందు ఇది చదవలేదు. లాయర్ని అయ్యుండీ చదవలేదు! పార్టీ ఎవరైనా ఇలా సంతకం పెట్టొస్తే మనమే తిడతాం.

అందుకని ఎవరైనా "ఎల్ఎల్ఎం, ఇంట్లోంచే" అంటే అనుమతి కాగితం చూపించమనండి. చూపించకుండా "అందరూ చేస్తున్నారు మేడమ్" అన్నారంటే ఫోన్ పెట్టేయండి.

లీలామహల్ దగ్గర

మేడమ్, పై ఇద్దరూ ఎల్ఎల్ఎం గురించే మాట్లాడుతున్నారు. మీ ప్రశ్న చదివితే మీకు కావాల్సింది ఎల్ఎల్ఎం కాదేమో అనిపించింది. మీకు కావాల్సింది ఆ ప్రింట్లు మార్క్ కావడం.

నేను హైదరాబాద్ నల్సార్ వాళ్ళ సైబర్ లాస్ పీజీ డిప్లొమా చేశాను. ఏడాది కోర్సు. మెటీరియల్ ఇంట్లో చదువుకోవడం, కాంటాక్ట్ క్లాసులు, పరీక్షలు. పేటెంట్లు, మీడియా లా, కుటుంబ వివాదాల పరిష్కారం వంటివి కూడా ఉన్నాయి అక్కడ. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో కూడా ఇలాంటి డిప్లొమాలున్నాయి, మెడికల్ లా, కన్స్యూమర్ లా లాంటివి. రెండేళ్ళ మాస్టర్ ఆఫ్ బిజినెస్ లాస్ కూడా ఉంది గానీ అది ఎల్ఎల్ఎం కాదు, ఆ తేడా గుర్తుపెట్టుకుని చేరాలి. ఇగ్నోలో మేధోహక్కుల మీద, క్రిమినల్ జస్టిస్ మీద డిప్లొమాలున్నాయి. పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరు మీకు మూడు నాలుగు గంటలు, నాకంటే మీకే దగ్గర. వీటితో లెక్చరర్ ఉద్యోగం రాదు. బోర్డు మీద రాసుకుంటే పార్టీలు చదవరు కూడా. నా బోర్డు మీద రాయించాను, అది ఏ డిగ్రీ అని ఇంతవరకు అడిగింది ఒక్క పోస్ట్‌మ్యాన్.

ఇక మీ కేసు. మీ కంప్లైంట్ ఎప్పుడు వేశారు? 2024 జూలై 1కి ముందు నుంచే పెండింగ్‌లో ఉంటే కొత్త సాక్ష్య అధినియం సెక్షన్ 170 ప్రకారం పాత చట్టమే నడుస్తుంది, అంటే 65బి. తర్వాత వేసుంటే 63. కొత్త సర్టిఫికెట్‌కు షెడ్యూల్లో నమూనా ఉంది, రెండు భాగాలు. ఏ భాగం మీ పార్టీది, బి భాగం నిపుణుడిది. అందులో హ్యాష్ వాల్యూ రాయాలి. ఫైల్‌కు అది వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. నోటరీ షాపులో దొరికే పాత 65బి ఫార్మాట్‌లో సెక్షన్ నంబరు దిద్ది వేస్తున్నవాళ్ళను తిరుపతిలోనే చూశాను. అది పని చేయదు.

సర్టిఫికెట్ తప్పనిసరని సుప్రీంకోర్టు తీర్పులు, 2014లో అన్వర్ కేసు, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసు చెప్పాయి. అయితే రెండో దాంట్లోనే మీకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. ట్రయల్ ముగియకముందు కోర్టు అనుమతితో సర్టిఫికెట్ తర్వాత కూడా వేసుకోవచ్చు. ఇంకోటి, అసలు ఫోన్‌నే దాని యజమాని బోనెక్కి, ఇది నాది, మెసేజ్ మొదట వచ్చింది ఇందులోకేనని చెప్పి చూపిస్తే సర్టిఫికెట్ అవసరమే లేదు. అంటే ఆ రోజు మీరు ఫోన్ బెంచి వైపు చాపడం అంత నవ్వాల్సిన పనేమీ కాదు. అడగాల్సిన పద్ధతిలో అడగలేదు, అంతే. ఆ నాలుగేళ్ళ లాయర్‌కి ఈ రెండో మాట తెలుసో లేదో నాకు అనుమానమే.

మంగళం రోడ్ 2023 బ్యాచ్

యూనివర్సిటీ ఆఫ్ లండన్ వాళ్ళ దూరవిద్య ఎల్ఎల్ఎం గురించి ఎవరూ చెప్పలేదు. అది 16 మాడ్యూళ్ళు. ఐదు చేసి ఆపితే పీజీ సర్టిఫికెట్, పది చేస్తే డిప్లొమా, మొత్తం చేస్తే ఎల్ఎల్ఎం. ఐదేళ్ళ వరకు సాగదీసుకోవచ్చు. సదుపాయమంటే అది, సీజన్ చూసుకుని చదువుకోవచ్చు. కానీ ఫీజు పౌండ్లలో. ఇక్కడి లెక్చరర్ పోస్టుకి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నేనైతే చదువు పక్కన పెట్టేశాను. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జికి మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలన్నాక ప్రస్తుతానికి వాయిదాలు లెక్కపెట్టుకుంటున్నాను.

కట్టమంచి లాయరమ్మ

అందరికీ చాలా థాంక్స్. బాలాజీ కాలనీ సార్, మీ 41 ఏళ్ళ పిలకాయ కథ మా ఆయనకి చదివి వినిపించాను, చాలాసేపు నవ్వాడు. తర్వాత, "నువ్వు చేరితే పాపను పొద్దున బడికి నేను దింపుతాలే, జూన్, జూలై తప్ప" అన్నాడు. ఎల్ఎల్ఎం ఆలోచన మానుకున్నాను, పాప హైస్కూలుకి వచ్చాక చూద్దాం. సైబర్ లాస్ డిప్లొమాకి మాత్రం వచ్చే నోటిఫికేషన్‌లో వేస్తాను. కాళహస్తి తమ్ముడూ, కట్టిన ఫీజు వాపసు అడుగుతూ లీగల్ నోటీసు ఇచ్చావా లేదా? ఇవ్వకపోతే డ్రాఫ్ట్ నేను రాసిస్తాను, ఫీజు తీసుకోను.

లీలామహల్ మేడమ్, మా కంప్లైంట్ 2024 నవంబర్‌ది. అంటే 63. మీరు చెప్పింది చదివిన వెంటనే పార్టీని ఆఫీసుకి రమ్మన్నాను, ఫోన్‌తో బోనెక్కిద్దామని. ఆయన నింపాదిగా టీ తాగి, "మేడమ్, మెసేజ్ వచ్చిన ఫోన్ ఇది కాదు, పాతది. దాన్ని దసరాకి మా బామ్మర్దికి ఇచ్చేశాను, ఇందులోకి బ్యాకప్ లాక్కున్నాను" అన్నాడు. అంటే ఆ రోజు నేను జడ్జిగారికి చాపింది కొత్త ఫోన్! బామ్మర్ది పుంగనూరులో ఉంటాడట.

లీలామహల్ దగ్గర

రేపే పుంగనూరు పంపించండి మేడమ్. ఆ ఫోన్ రీసెట్ కొట్టకముందే.