ఈస్టర్ వీకెండ్‌కు బ్రోకెన్ బో ట్రిప్, శనివారం సివియర్ స్టార్మ్స్ అంటున్నరు, పోవాల్నా వద్దా?

మిర్యాలగూడ తమ్ముడు, రిచర్డ్‌సన్ (టెక్సాస్‌ల డాలస్ పక్కన):

అన్నలకు అక్కలకు నమస్తే. నేను జనవరిల వచ్చిన, ఈడ ఎంఎస్ చేస్తున్న. గుడ్ ఫ్రైడే పొద్దుగాల పోయి ఆదివారం రావాలని ఐదుగురం ఓక్లహోమాల బ్రోకెన్ బో దగ్గర టెంట్ జాగ బుక్ చేసినం, పైసలు గూడ కట్టేసినం. ఇయ్యాల స్టార్మ్స్ మ్యాప్ చూస్తే శనివారం మేం పోయే దిక్కంత ఆరెంజ్ రంగు ఉంది. రూమ్మేట్లేమో ఏప్రిల్‌ల మన దిక్కు గాలిదుమారం రాదా, రాళ్లవాన పడదా, గిదేం కొత్త అంటున్నరు. నాకేమో ఎటూ తోచుతలేదు.

జడ్చర్ల అక్క, ఫ్రిస్కో:

తమ్ముడూ, ముందు అడిగి మంచిపని చేసినవ్. మన దిక్కు యాసంగి కోతలప్పుడు వచ్చే వాన నాకూ ఎర్కే, కల్లంల వడ్లు తడుస్తయి, కొల్లాపూర్ల మామిడికాయ రాలుతది, చెట్టుకింద నిలబడ్డ గొర్లకాపరి మీద పిడుగు పడ్డదని ప్రతి ఏడు వింటం. అది చిన్న సంగతేం కాదు. కాని ఈడ దాని లెక్క వేరే. గల్ఫ్ సముద్రం నుంచి తేమగాలి వస్తది, పడమటి నుంచి ఎండుగాలి వస్తది, పైన చాన ఎత్తుల జెట్ స్ట్రీమ్ అనే జోరుగాలి దూసుకపోతది. మధ్యల ఎత్తుల ఒక వేడిగాలి పొర ఎసరు మీద మూత పెట్టినట్టు ఉంటది, అందుకే మధ్యాహ్నం దాక ఎండ కొడ్తది, ఏం రాదులే అనుకుంటం, ఆ మూత లేచిందంటే గంట గంటన్నరల మబ్బు కొండంత అయితది. ఎండ చూసి మోసపోవద్దు.

ఆ మ్యాప్ తీసేది ఓక్లహోమాల నార్మన్ల ఉన్న స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్. ఐదు మెట్లుంటయి: మార్జినల్, స్లైట్, ఎన్‌హాన్స్డ్, మోడరేట్, హై. ఆరెంజ్ అంటే మూడోది. రెండోది పసుపు, దాని పేరు స్లైట్ అని లైట్ తీసుకునేటోళ్లు మస్తుమంది, ఆ రోజుల్ల గూడ టోర్నడోలు, అంటే ఇండ్లను లేపేసే సుడిగాలులు, వస్తయి. ఆ రోజుది డాలస్ టైమ్‌ల పొద్దుగాల 8కి, 11:30కి, మల్ల 3కి కొత్తగ పెడ్తరు, ఇయ్యాల చూసిన మ్యాప్ నమ్ముకొని శనివారం దాక కూసోకు. వాచ్ అంటే రావొచ్చు, సిద్ధంగుండు అని. వార్నింగ్ అంటే వచ్చేసింది, అప్పటికప్పుడు లోపలికి ఉరకాలె. ఈస్టర్‌కు గిట్ల వచ్చుడు కొత్త గాదు, 2020ల ఈస్టర్ ఏప్రిల్ 12 ఆదివారం పడ్డది, ఆ రోజు తెల్లారి కలిపి దక్షిణాది రాష్ట్రాల్ల నూరుకు పైన టోర్నడోలు వచ్చినయి, 30 మందికి పైన పోయిండ్రు.

ఇగ నేను నీకు అన్నిటికన్న గట్టిగ చెప్పేది ఒక్కటే, నువ్వు ఏ కౌంటీల ఉన్నవో నీకు తెల్వాలె. మన ఊర్ల ఏ మండలం అంటే చిన్నపిలగాడు గూడ చెప్తడు, ఈడికొచ్చినంక ఏండ్లకేండ్లు ఉన్నోళ్లకు గూడ కౌంటీ పేరు తెల్వది. 2019 అక్టోబర్ 20, ఆదివారం రాత్రి తొమ్మిది దాటింది, నేను రిచర్డ్‌సన్లనే మూడో అంతస్తుల ఉండేదాన్ని, ఫోన్ల టోర్నడో వార్నింగ్ అరిచింది, డాలస్ కౌంటీ అని ఉంది. రిచర్డ్‌సన్ సగం డాలస్ కౌంటీల ఉంటది సగం కాలిన్ల ఉంటది, మాది ఏదో అని గూగుల్ చేసుకుంట కూసున్న, అంతల్నే కరెంటు పోయింది. ఆ రాత్రి ఈఎఫ్3 (టోర్నడో జోరు కొలిచే 0 నుంచి 5 దాక లెక్కల 3) టోర్నడో ఉత్తర డాలస్ మీది నుంచి రిచర్డ్‌సన్ల దాక వచ్చింది. మేం బతికిపోయినం, కాని ఆ ఐదు నిమిషాలు నాకు ఇప్పటికీ యాదికొస్తే గుండె దడదడ అంటది.

నువ్వు పోయే బ్రోకెన్ బో మెకర్టెన్ కౌంటీ. ఇది రాసుకో. ఆడి వార్నింగ్‌లు డాలస్ టీవీల చెప్పేవి కావు, ష్రీవ్‌పోర్ట్ వెదర్ ఆఫీస్ ఇస్తది. దాని పక్కన ఐడబెల్ ఊరి మీద 2022 నవంబర్ 4న ఈఎఫ్4 టోర్నడో పడ్డది. గసొంటి జాగల శనివారం రాత్రి టెంటుల పండుకుంటవా? నేనైతే మా ఇంటోళ్లను పంపియ్య. టెంటు పిడుగుకూ ఆగదు, గాలికీ ఆగదు. శుక్రవారం పోయి, చూసొచ్చేది చూసుకొని, శనివారం పొద్దుగాల 9కల్ల బయల్దేరండ్రి. మూడు గంటల దారే గదా, మధ్యాహ్నంకల్ల ఇంట్ల ఉంటరు.

దేవరకొండ అన్న, ఇర్వింగ్:

అక్క చెప్పినదానికి ఇంకో ముచ్చట. రోడ్డు మీద పట్టుకుంటే మన దగ్గర బండి ఆపి బ్రిడ్జి కింద నిలబడ్డట్టు ఈడ ఓవర్‌పాస్ కింద ఆగొద్దు, ఆ సందుల గాలి ఇంకింత జోరైతది. నీళ్లు పారే రోడ్డు దాటొద్దు, అడుగులోతు నీళ్లకే చిన్న కారు కొట్టుకపోతది. ఎగ్జిట్ తీసుకొని గట్టి బిల్డింగ్ ఉన్న స్టోర్లకు పోండ్రి, అద్దాల దిక్కు గాకుండ లోపలి దిక్కు. కారు సెకండ్‌హ్యాండ్దేనా? ఇన్సూరెన్స్ల లయబిలిటీ (అవతలోళ్ల నష్టానికిచ్చేది) ఒక్కటే ఉంటే రాళ్లవానకు ఒక్క పైస రాదు, మన కారుకు గూడ ఇచ్చే కాంప్రహెన్సివ్ ఉండాలె. నా మొదటి కారు పైకప్పంత సొట్టలు పడితే అప్పుడు తెల్సింది నాకు.

మిర్యాలగూడ తమ్ముడు:

అక్కా, అన్నా, దండాలు. అందరికి చదివి వినిపించిన. శనివారం రాత్రి క్యాన్సిల్ చేస్తున్నం, పైసలు పోతే పోనియ్యి. మాది గూడ మూడో అంతస్తే, వార్నింగ్ వస్తే ఏడికి పోవాలె?

జడ్చర్ల అక్క:

కింది అంతస్తోళ్లను ఇయ్యాలనే పలకరించి అడుగు, ఆ రాత్రి తలుపు కొడ్తం అని చెప్పి పెట్టుకో. వాళ్ల బాత్రూమో కిటికీలేని క్లోసెటో చూస్కో. బూట్లు తొడుక్కొని పో, ఫోన్ నిండ చార్జింగ్ పెట్టు, ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌ల ఉన్నయా చూడు. సైరన్ బయట ఉన్నోళ్ల కోసం, నిద్రల వినపడకపోవచ్చు. ఇంకోటి, శనివారం సాయంత్రం ఆరంటే మిర్యాలగూడల ఆదివారం తెల్లారుగట్ల నాలుగున్నర, అమ్మ లేచి టీవీల టెక్సాస్ టోర్నడో అని చూసి ఆగమైతది. వాన రాకముందే ఇంట్లనే ఉన్న అని మెసేజ్ పెట్టు, తగ్గినంక మాకు గూడ ఈడ ఒక మాట రాయి.