మారీ యూహాచ్ స్త్రీలకు దారి వేశారా, హద్దు గీశారా?

నిత్యపాఠకురాలు:
1919 ఫిబ్రవరి 19న వైమార్‌లో, జర్మన్ రాజ్యాంగ సభలో ప్రసంగించిన తొలి మహిళ మారీ యూహాచ్. వడ్రంగి కూతురైన ఆమె ఇళ్లలో పనిచేసి, ఫ్యాక్టరీలో పనిచేసి, మానసిక రోగులకు సేవ చేసి, బట్టలు కుట్టి బతికారు. 1906లో భర్త నుంచి విడిపోయి, ఇద్దరు పిల్లలతో, చెల్లెలు ఎలిజబెత్‌తో బెర్లిన్ చేరారు. 1908 వరకు జర్మనీలోని అతిపెద్ద రాజ్యమైన ప్రష్యాలో స్త్రీలు రాజకీయ సంఘాల్లో చేరడమే నిషిద్ధం. ఇన్ని దాటివచ్చిన మనిషి ఆ ప్రసంగంలోనే, తల్లుల రక్షణ, శిశు సంరక్షణతో సహా సామాజిక విధానమంతా స్త్రీల ప్రత్యేక రంగం కావాలన్నారు. అదే ఏడాది డిసెంబరు 13న కార్మికుల సంక్షేమ సంస్థను స్థాపించారు. నేను ఒక కార్మిక సంఘంలో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. వేతన ఒప్పందం చర్చకు నన్ను ఒక్కసారీ పిలవలేదు, సంక్షేమ కమిటీ మాత్రం ప్రతిసారీ నాకే అప్పగించారు. అందుకే ప్రసంగంలోని ఆ ‘స్త్రీల ప్రత్యేక రంగం’ వాక్యం చదివినప్పుడు నాకు బాధ కలిగింది.

పాతకార్మికుడు:
అమ్మా, మీ సంఘం మీకు చేసిన అన్యాయానికి ఆమెను బాధ్యురాలిని చేయకండి. అదే ప్రసంగంలో ఆమె, ఈ ప్రభుత్వానికి స్త్రీలు కృతజ్ఞత చూపాల్సిన అవసరం లేదని, అన్యాయంగా తొక్కిపట్టిన ఓటు హక్కునే అది ఇచ్చిందని చెప్పారు. ఆ ప్రభుత్వం ఆమె సొంత పార్టీ, అంటే సోషల్ డెమోక్రాటిక్ పార్టీ నడిపినదే. ‘అయ్యలారా, అమ్మలారా’ అని మొదలుపెట్టగానే సభలో నవ్వు వినిపించిందని కార్యకలాపాల నివేదికలోనే ఉంది. ఆ నవ్వును దాటుకొని అంత మాట అన్న మనిషి హద్దు గీశారని ఎలా అనగలం?

చరిత్రవిద్యార్థి:
ఆ సభకు ఎన్నికైన 423 మందిలో స్త్రీలు 37 మందే.

నిత్యపాఠకురాలు:
నేను సంక్షేమం గురించి అడిగితే మీరు కృతజ్ఞత గురించి చెబుతున్నారు.

పాతకార్మికుడు:
సంక్షేమమంటే మీకు చిన్నచూపు ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మా నాన్న మిల్లులో చనిపోయిన ఏడాది మా ఇంట్లో పొయ్యి వెలిగించినది కార్మికుల ఇళ్ల ఆడవాళ్లు, వాళ్లు మమ్మల్ని బిచ్చగాళ్లలా చూడలేదు. యూహాచ్ సంస్థ కోరుకున్నదీ అదే: పేదలకు ధర్మం చేయడం కాదు, కార్మికులు ఒకరికొకరు ఆసరాగా నిలవడం. మొదటి ప్రపంచ యుద్ధం మిగిల్చిన ఆకలిలో కుట్టుపని గదులు, భోజనశాలలు నడపడం రాజకీయం కాదా? అది రాజకీయం కాకపోతే నాజీలు 1933లో ఆ సంస్థను ఎందుకు నాశనం చేశారు?

నిత్యపాఠకురాలు:
నేను చిన్నచూపు చూశానని అనడానికి మీకు హక్కు లేదు. సరే, ఇంతసేపూ అడగలేకపోయినది ఇప్పుడు అడుగుతాను. యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు 1917లో క్లారా జెట్కిన్‌ను పార్టీ మహిళా పత్రిక నుంచి తొలగించారు, లూయిజా జీట్స్‌ను పార్టీ మహిళా కార్యదర్శి పదవి నుంచి తప్పించారు. ఆ రెండు బాధ్యతలూ తీసుకున్నది యూహాచ్. జీట్స్ యుద్ధం విషయంలో పార్టీ నుంచి చీలిపోయిన స్వతంత్ర సోషల్ డెమోక్రాట్ల తరఫున గెలిచి అదే వైమార్ సభలో కూర్చున్నారు. నిజం మాట్లాడినందుకు తోటి స్త్రీ కోల్పోయిన కుర్చీలో యూహాచ్ ఎలా కూర్చోగలిగారు? మా సంఘంలో నా మాటను సమర్థించిన స్నేహితురాలిని తప్పించి ఆమె స్థానం నాకిస్తామన్నారు, నేను తీసుకోలేదు.

పాతకార్మికుడు:
మీరు కాదన్నందుకు మిమ్మల్ని గౌరవిస్తాను. కానీ ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఆకలితో ఉన్న పిల్లలకు ఏం ఒరిగేది? యుద్ధం విషయంలో ఆమె పార్టీ తప్పు చేసిందని నేనూ అంటాను. అయినా చీలికలో పార్టీని వీడని వాళ్లందరూ పదవి కోసమే ఉన్నారనడం అన్యాయం. పార్టీలో ఉండి పనిచేయాలని నమ్మినవాళ్లలో ఆమె ఒకరు. అదే పార్టీ మనిషిగా ప్రవాసంలోకి వెళ్లి, ఫ్రాన్స్ మీదుగా న్యూయార్క్ చేరి, 1949లో దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో జర్మనీకి తిరిగివచ్చారు.

నిత్యపాఠకురాలు:
ఆమె కష్టాన్ని నేను కాదనడం లేదు. జీట్స్ 1922లోనే కన్నుమూశారు, ఆమెకు తిరిగివచ్చే అవకాశమే లేదు.