పీహెచ్‌డీ లేకుండా యూనివర్సిటీలో హెల్త్ డేటా రీసెర్చ్ ఉద్యోగం వస్తుందా? (యూకే)

అడిగినది: హనుమకొండ అబ్బాయి, బర్మింగ్‌హామ్

అందరికీ నమస్కారం. డేటా సైన్స్‌లో ఎమ్మెస్సీ అయిపోయింది, గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నాను. హెల్త్ డేటా, మెషీన్ లెర్నింగ్ అని కనపడిన ప్రతి యూనివర్సిటీ పోస్టుకీ అప్లై చేశాను, 40 దాకా. ఒక్క పిలుపూ లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. పీహెచ్‌డీ లేకపోతే ఇక ఇంతేనా?

లీసెస్టర్ అక్క

తమ్ముడూ, రీసెర్చ్ అసోసియేట్ అంటే మామూలుగా పీహెచ్‌డీ అయినవాళ్లకి, లేదంటే నేడో రేపో అవబోయేవాళ్లకి. అసిస్టెంట్ పోస్టుకి చాలాచోట్ల ఎమ్మెస్సీ సరిపోతుంది. నీ 40లో అసోసియేట్‌వి ఎన్నో ముందు లెక్కపెట్టు.

ప్రకటనతో పాటు పర్సన్ స్పెసిఫికేషన్ అని ఒక పట్టిక ఇస్తారు చూడు, ప్యానెల్ దాన్ని పక్కన పెట్టుకునే మార్కులు వేస్తుంది. ఐటీ కంపెనీలకి పంపినట్టు ఒకే సీవీ అందరికీ పంపితే లాభం లేదు. వాళ్లు రాసిన వరసలోనే, ఒక్కో అంశానికీ నువ్వేం చేశావో రెండు ముక్కలు రాయి. విసుగే, కానీ నాకు పిలుపులొచ్చింది అప్పటినుంచే.

తర్వాత, ఆస్పత్రి డేటా కాస్తయినా ముట్టుకుని ఉండాలి. బోస్టన్‌లోని ఒక పెద్దాస్పత్రి ఐసీయూ రికార్డులు ‘మిమిక్’ పేరుతో ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఒక ఆన్‌లైన్ ట్రైనింగ్ పూర్తిచేసి, ఒప్పందం మీద సంతకం పెడితే ఉచితంగా ఇస్తారు. అనుమతి వచ్చేలోపు 100 మంది పేషెంట్ల డెమో ఉంది, దాంతో మొదలుపెట్టు. నేను పాత వెర్షన్ తెరవగానే 2150లో అడ్మిట్ అయినవాళ్లు, 300 ఏళ్లు దాటిన ముసలమ్మలు కనపడ్డారు! ఫైలు పాడైందనుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేశాను. తీరా చూస్తే, ఎవరినీ గుర్తుపట్టకుండా తేదీలు జరిపి, 89 దాటినవాళ్ల వయసు అలా దాచారు.

నా మొదటి ఇంటర్వ్యూ పోయింది కూడా ఈ డేటా దగ్గరే. మోడల్ స్కోరు 0.96 అని గొప్పగా చెప్పుకున్నాను. “డేటాని మోడల్ ట్రైనింగ్‌కీ టెస్ట్‌కీ ఎలా విడగొట్టావు?” అంది ప్యానెల్లో ఒకావిడ. అడ్మిషన్ల వారీగా అన్నాను. మూడుసార్లు అడ్మిట్ అయిన మనిషి రెండువైపులా ఉంటాడు కదా, మోడల్‌కి ప్రశ్నపత్రం లీకైనట్టే. ఆవిడ నవ్వి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. నువ్వు మాత్రం పేషెంట్ల వారీగానే విడగొట్టు.

కార్డిఫ్ నుంచి

ఆ మిమిక్ ఒప్పందం పూర్తిగా చదవండి బ్రదర్. రికార్డులు చాట్‌జీపీటీలో పేస్ట్ చెయ్యకూడదు, అది ఉల్లంఘన కిందకే వస్తుంది. ఉద్యోగం వచ్చాక రూల్స్ ఇంకా గట్టిగా ఉంటాయి. ఇక్కడ వేల్స్‌లో ‘సెయిల్’ అనే హెల్త్ డేటాబ్యాంకు ఉంది, దాని డేటా మన ల్యాప్‌టాప్‌లోకి రాదు, వాళ్ల సిస్టమ్‌లోకి లాగినై పనిచేసుకోవాలి. చిన్న టేబుల్ బయటికి తీయాలన్నా ఇంకొకరు చూసి వదలాలి.

ఇంటర్వ్యూ చివర్లో “మీరేమైనా అడుగుతారా” అన్నప్పుడు, డేటాకి అనుమతి వచ్చేసిందా అని తప్పక అడగండి. ఏడాది కాంట్రాక్టులో ఆరు నెలలు అనుమతి కోసం కూర్చున్నవాణ్ని నేను. స్కిల్డ్ వర్కర్ స్పాన్సర్‌షిప్ సంగతి కూడా అప్లై చేసే ముందే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి తేల్చుకోండి.

హనుమకొండ అబ్బాయి

లెక్కపెట్టాను అక్కా. 26 అసోసియేట్‌వే. డెమో డౌన్‌లోడ్ అవుతోంది.