నాన్న చీలమండ ఫ్యూజన్: కీహోలా, ఓపెనా?

కర్నూలు కుర్రాడు:
అందరికీ నమస్తే. మా నాన్నకి 58. 2009లో బైక్ మీంచి పడి కుడి చీలమండ విరిగితే ప్లేటు వేశారు, చాలా ఏళ్లు బానే తిరిగాడు, ఇప్పుడేమో లోపల గుజ్జంతా అరిగిపోయి ఎముకకి ఎముక రాసుకుంటోందంట. పొద్దున్నే మంచం దిగితే గోడ పట్టుకుని పాదం బయటికి తిప్పి ఈడ్చుకుంటూ బాత్రూమ్‌కి వెళ్తాడు, చూడలేకపోతున్నాం. ఇంజక్షన్లు, బెల్టు అన్నీ అయ్యాయి. ఒక డాక్టరు కెమెరా పెట్టి చిన్న గాట్లతో (కీహోల్ అంట) ఫ్యూజన్, అంటే జాయింట్ ఎముకల్ని కలిపి అతికించడం, చేసేద్దాం అన్నారు, ఇంకొకాయన ఓపెనే చెయ్యాలన్నారు. షుగర్ ఉంది, బీడీలు సరేసరి. ఎవరి మాట వినాలి?

మెట్లబాధితుడు:
నాకు ఓపెన్ చేసి మూడేళ్లయింది. నొప్పి పోయింది, అది నిజం. కానీ ఆరు వారాలు కాలు నేల మీద పెట్టనివ్వలేదు బ్రో, మాది పై పోర్షన్, ఒక్కో మెట్టు మీద కూర్చుని జరుగుతూ దిగేవాణ్ణి, కింద కిరాణా కొట్టాయన రోజూ అదే చూడ్డం. కట్టు విప్పాక పిక్క చూసి మా ఆవిడ ఏడ్చింది, అంత సన్నబడింది. ఇప్పుడు చదును మీద నడిస్తే నేను చెప్తేగానీ ఎవరికీ తెలీదు. గొంతుక్కూర్చోవడం మాత్రం కష్టం, ముందే వెస్ట్రన్ కమోడ్ పెట్టించెయ్యండి.

ఆర్థో పీజీ:
గాటు సైజు తర్వాత సంగతండీ. రెండింట్లోనూ లోపల పని ఒకటే, మిగిలిన కార్టిలేజ్ (మీరన్న గుజ్జు) గీకేసి, టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక), టేలస్ (దాని కింద చీలమండలో ఉండేది) ఎముకల్ని ఆనించి స్క్రూలతో బిగించడం. కీహోల్‌లో కండ, చర్మం తక్కువ దెబ్బతింటాయి, హాస్పిటల్లో ఉండే రోజులూ తక్కువే, షుగర్ ఉన్నాయనకి అది చిన్న విషయం కాదు. అయితే పాదం బాగా వంకరపోయినా, ఎముక పోయి గ్యాప్ ఉన్నా చాలామంది ఓపెన్‌కే వెళ్తారు, చెయ్యి తిరిగినవాళ్లు కొంత వంకరున్నా కీహోల్‌లోనే లాగించేస్తారనుకోండి. మీకు పాత ప్లేటు కూడా ఉంది కదా, అది స్క్రూలకి అడ్డొస్తే తియ్యడానికి ఎలాగూ కొయ్యాలి. రెండో ఆయన అందుకే ఓపెన్ అన్నారేమో అడగండి. నిలబెట్టి తీసిన ఎక్స్‌రే ఉందా? పడుకోబెట్టి తీస్తే వంకర సరిగ్గా తెలీదు. టేలస్‌కీ మడమ ఎముకకీ మధ్య, కింద ఉండే సబ్‌టేలార్ జాయింట్ కూడా అరిగిందేమో చూపించుకోండి, పైది అతికించేస్తే భారం దాని మీదే పడుద్ది. ఇక బీడీ. ఏ పద్ధతిలో చేసినా పొగతాగేవాళ్లకి ఎముక అతుక్కోకపోయే రిస్క్ ఎక్కువ, అప్పుడు మళ్లీ ఆపరేషన్.

కర్నూలు కుర్రాడు:
మా దగ్గరున్నవన్నీ పడుకోబెట్టి తీసినవే సార్! సోమవారం నిలబెట్టి తీయిస్తా, ప్లేటు సంగతి కూడా అడుగుతా. బీడీకట్ట అమ్మ బియ్యం డబ్బాలో దాచింది, ఆయన పొద్దున్నించీ చొక్కా జేబులన్నీ వెతుక్కుంటున్నాడు.