పొట్ట చారలకి నూనె: రాస్తే రావా, రాసినా వస్తాయా?

కావలి కోడలు:
నాకు ఐదో నెల, మొదటి కాన్పు. ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. మా అత్తమ్మ గానుగలో ఆడించిన నువ్వుల నూనె తెప్పించి పొద్దునా రాత్రీ పొట్టకి రాయమంటారు. బెంగళూరులో ఉన్న మా అక్క కోకో బటర్ క్రీమ్ ఆర్డర్ పెట్టింది. చిన్న డబ్బానే పదిహేను వందలు! ఇంతకీ ఏదో ఒకటి రాస్తే చారలు రాకుండా ఆగుతాయా? పనిచేసేది ఒక్కటే చెప్పండి. రెండూ పూసుకుంటుంటే చీరలన్నీ జిడ్డోడుతున్నాయి.

కందుకూరు అత్తమ్మ:
ఇందులో అడగడానికేముందమ్మా? మా కాలంలో క్రీములు ఎక్కడివి? ఆముదం, లేకపోతే నువ్వుల నూనె. నాకు ముగ్గురు పిల్లలు, పొట్ట మీద ఒక్క గీత లేదు. ఇప్పటి పిల్లలు నూనె అంటేనే ముఖం చిట్లిస్తారు, తర్వాత చారలు వచ్చాయని ఏడుస్తారు. ఇంకోటి, దురద పుడితే గోక్కోవద్దు. గోకితేనే చారలు పడేది.

బుచ్చి అమ్మాయి:
అత్తమ్మగారూ, నేను తొలి కాన్పులో కొబ్బరి నూనె ఒక్క పూట కూడా మానలేదు. ఎనిమిదో నెల దాకా ఏమీ లేవు. ఆ తర్వాత బొడ్డు కింద ఎర్రగా వచ్చాయి. అక్కడ మనకి మనం చూసుకోలేం కదా, నీళ్ళు పోసేటప్పుడు మా అమ్మ చూసి చెప్పింది. చారల కన్నా ఎక్కువ బాధపెట్టింది ఏందంటే, చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ "సరిగ్గా రాసుండవులే" అనడం. మా ఆడపడుచు అసలు ఏమీ రాయలేదు, ఆమెకి ఒక్కటీ లేదు. ఇది ఎట్టా జరుగుతుందో ఎవరైనా చెప్పండి.

గూడూరు నర్సక్క:
నేను చెప్తా. చార పడేది పైచర్మంలో కాదు, దాని కింద పొరలో. అక్కడ కొలాజెన్, ఎలాస్టిన్ అనే పోగులుంటాయి. ఒక పక్క పొట్ట సాగుతుంది, ఇంకో పక్క కాన్పు హార్మోన్ల వల్ల ఆ పోగుల పట్టు సడలుతుంది. దిండులో దూది ఎక్కువ కూరితే గలేబు బాగానే ఉండి లోపలి కుట్టు పిగిలినట్టు అన్నమాట. పైన రాసిన నూనె అంత లోతుకి వెళ్ళి చేసేది పెద్దగా ఏమీ లేదు. గోకడం వల్ల చారలు రావు, సాగే చర్మానికి దురద ముందు పుడుతుంది కాబట్టి జనం అట్టా అనుకుంటారు. గోళ్ళతో గోకితే పుండ్లు పడతాయి, ఆ మాట వరకు నిజం.

ఎవరికి వస్తాయనేది చాలావరకు పుట్టుకతో వచ్చిందే. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. చిన్న వయసు కాన్పు, కవలలు, పెద్ద బిడ్డ, కాన్పుకి ముందే ఎక్కువ బరువుండటం, కాన్పులో బరువు బాగా పెరగడం, ఇవీ కారణాలే. కందుకూరు అత్తమ్మగారూ, మీకు రాలేదంటే మీ చర్మం మంచిది. కానీ మీ కోడలి చర్మం మీ నుంచి రాలేదు కదా, వాళ్ళమ్మ నుంచి వచ్చింది.

ఇక కోకో బటర్ సంగతి. లెబనాన్‌లో ఒకటి, జమైకాలో ఒకటి పరీక్షలు చేశారు, ఫలితాలు 2008లో, 2010లో వచ్చాయి. కొందరికి కోకో బటర్ క్రీమ్, కొందరికి అది లేని ఉత్త క్రీమ్ ఇచ్చి చూస్తే తేడా లేదు. 2012లో కాక్రేన్ వాళ్ళు, అంటే వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి తూచి చూసే సంస్థ, ఇలాంటి ఆరు పరీక్షలు, మొత్తం 800 మంది గర్భిణుల లెక్కలు కలిపి చూశారు. ఏ పూత అయినా చారల్ని ఆపుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఆలివ్ నూనె కూడా అందులో ఉంది.

ఒంగోలు వాదన:
నర్సక్కా, మీరు ఒక వైపే చెప్తున్నారు. టర్కీలో 141 మంది తొలి చూలు వాళ్ళ మీద చేసిన పరిశీలన ఉంది, అదీ 2012దే. చేదు బాదం నూనెతో మర్దనా చేసుకున్న వాళ్ళలో 20 శాతానికే చారలు వచ్చాయి. ఏమీ రాయని వాళ్ళలో 41.2 శాతానికి. సగానికి సగం! మన పెద్దవాళ్ళు చెప్పింది ఇదే కదా? మర్దనా మనకి కొత్తా?

గూడూరు నర్సక్క:
మూడో గుంపు సంగతి వదిలేశారే. అదే నూనె మర్దనా లేకుండా ఉత్తగా రాసుకున్న వాళ్ళలో 38.8 శాతం. అంటే నూనె వల్ల ఒరిగింది దాదాపు ఏమీ లేదు, ఉంటే గింటే మర్దనాలో ఉండాలి. పైగా ఎవరు ఏ గుంపులోకి వెళ్ళాలో చీటీ వేసి తేల్చలేదు, కాబట్టి గుంపులు ముందే సమానంగా ఉన్నాయని గ్యారంటీ లేదు. మర్దనా వద్దనను. మెత్తగా, అరచేత్తో నిమరండి. కొన్ని ఊళ్ళలో మంత్రసానులు పొట్ట నొక్కి బిడ్డను "సరిచేస్తాం" అంటారు, అది మాత్రం చేయించుకోవద్దు.

కందుకూరు అత్తమ్మ:
నర్సమ్మా, నువ్వు లెక్కలు చెప్పావు, కాదనను. అయినా నూనె రాసేటప్పుడు కోడలి పక్కన పావుగంట కూర్చుంటాం, కాళ్ళు వాచాయా, బిడ్డ కదులుతోందా అని అడుగుతాం. అదీ వద్దంటావా?

గూడూరు నర్సక్క:
అయ్యో, అది మానొద్దు. చర్మం పొడిబారదు, దురద తగ్గుతుంది. చారలు వస్తే మాత్రం ఆ పిల్లని అనొద్దు, నేనడిగేది అంతే.

చీమకుర్తి మెడికల్ షాపు:
షాపులో కూర్చునేవాడిగా రెండు మాటలు. డబ్బా మీద రాసింది చదవండి. చాలా వాటి మీద చారలు "రావు" అని ఉండదు, "చర్మం మెత్తగా ఉంటుంది", "కనిపించడం తగ్గుతుంది" అని ఉంటుంది. రెటినాల్, ట్రెటినోయిన్ (విటమిన్ ఎ రకం మందులు) ఉన్న క్రీములు కడుపుతో ఉన్నప్పుడు వాడకూడదు. తెల్లబడతామని చీటీ లేకుండా అడిగే స్టెరాయిడ్ క్రీములు ఇంకా దారుణం, ఎక్కువ రోజులు పూస్తే చర్మం పలచబడి ఆ క్రీమే చారలు తెస్తుంది. దురదకని వచ్చి అవే అడిగేవాళ్ళు మా షాపుకి బోలెడుమంది.

బుచ్చి అమ్మాయి:
మరి బరువు సంగతి? రెండో కాన్పులో మా వాళ్ళు "ఇద్దరి కోసం తినాలి" అని ముద్ద మీద ముద్ద పెట్టారు.

గూడూరు నర్సక్క:
మన చేతిలో కాస్తో కూస్తో ఉన్నది అదొక్కటే. రోజుకి అదనంగా కావలసింది దాదాపు 350 కేలరీలు, అంటే ఓ గ్లాసు పాలు, ఓ గుడ్డు, గుప్పెడు వేరుశనగలు. ఇంకో మనిషి భోజనం కాదు. మొత్తం మీద పది పన్నెండు కిలోలు పెరిగితే చాలామందికి సరిపోతుంది, సన్నగా ఉన్నవాళ్ళు ఇంకాస్త పెరగాలి. చెకప్‌కి వెళ్ళినప్పుడు కార్డు మీద బరువు రాయించుకుని పోయిన నెలతో పోల్చి చూసుకోండి. అట్టాగని చారల భయంతో అన్నం మానేస్తే బిడ్డకి దెబ్బ.

దురద గురించి ఒక మాట మిగిలింది. చివరి నెలల్లో అరచేతులు, అరికాళ్ళు విపరీతంగా దురద పెట్టి, ఒంటి మీద దద్దురు మాత్రం లేకపోతే నూనె రాసి పడుకోవద్దు. ఈ దురద రాత్రిళ్ళు ఎక్కువవుతుంది. అది లివర్‌కి సంబంధించింది కావచ్చు, బిడ్డకి ప్రమాదం. వెంటనే డాక్టర్ దగ్గరికెళ్ళి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఎండాకాలం ఉక్కకి పుట్టే చెమటకాయలు అనుకుని ఆలస్యం చేసేవాళ్ళని చూశాను.

ఒంగోలు వాదన:
దీంట్లో వాదన లేదు. మర్దనా మీద మాత్రం నా మాట నాదే. ఖర్చు లేదు, నష్టం లేదు, చేస్తే పోయేదేముంది?

కావలి కోడలు:
మా అమ్మకి ఫోన్ చేసి అడిగా. ఆమెకి చారలున్నాయంట, పొట్టకీ తొడలకీ. ఇన్నాళ్ళూ నాకు తెలీదు. ఇప్పుడు తెల్లగా సన్నగా అయిపోయాయి, ఎవరికీ పెద్దగా కనపడవు అంది. సరే, రాత్రిళ్ళు అత్తమ్మ నూనె, పాత నైటీ. క్రీమ్ వెనక్కి పంపేస్తా.

చీమకుర్తి మెడికల్ షాపు:
సీల్ తీశారా? తీస్తే వెనక్కి తీసుకోరు. మడమలకి రాసుకోండి, పగుళ్ళకి బాగుంటుంది.